బొమ్మలు రావు అనుకునేవాళ్లు ముందు ఒక చెంబు గీయండి

ముప్ఫై ఆరేళ్ల వయసులో నాకు బొమ్మలు వేద్దామని బుద్ధి పుట్టింది. అందరూ చేసే పనే నేనూ చేశాను. షాపుకి వెళ్లి రెండు వేల రూపాయల సామాను కొనేశాను, పన్నెండు పెన్సిళ్ల సెట్టు, బ్రష్షులు, రంగులు, తెరిచి గీత పెట్టాలంటేనే భయమేసేంత ఖరీదైన స్కెచ్‌బుక్కు. తర్వాత ఫోన్లో ఒక హీరో ఫోటో పెట్టుకుని, దాని మీద గళ్లు వేసుకుని, కాగితం మీదా అవే గళ్లు కొట్టి, ఒక్కో గడిలో ఏముందో చూసి దించేశాను. మూడు వారాలు పట్టింది. స్టేటస్‌లో పెడితే "అచ్చు గుద్దినట్టు దింపావు బాబాయ్" అన్నారు. నేను కూడా నమ్మేశాను. ఆ వారంలోనే మా అక్క కూతురు వచ్చి "మావయ్యా, స్కూల్లో చెంబు బొమ్మ వేసుకు రమ్మన్నారు, వేసిపెట్టవా" అంది.

రాలేదండీ. చెంబు! మూతి ఒక పక్కకి పోయింది, మెడ ఎక్కడ మొదలవ్వాలో తెలియలేదు, కింద భాగం ఏదో కూర్చోలేక పడిపోతున్నట్టు వచ్చింది. ఆ పిల్ల ఏమీ అనకుండా కాగితం తీసుకుని వెళ్లిపోయింది, ఏమన్నా అనుంటే బాగుండేది.

గళ్లు కొట్టి దించడం తప్పేం కాదు. పాత రోజుల్లో సినిమా హోర్డింగులు రాసిన ఆర్టిస్టులు అంత పెద్ద బొమ్మని అలాగే పెంచేవారు. కాకపోతే వాళ్లకి ముందు బొమ్మ వచ్చు, గళ్లు పని తొందరగా అవ్వడానికి. నాకు బొమ్మ రాదు, గళ్లు తప్ప ఏమీ లేవు. కాబట్టి మొదటి మాట, మొదటి ఆరు నెలలు గళ్లు వద్దు, హీరో ఫోటో వద్దు, ఇంట్లో ఉన్న వస్తువు ఎదురుగా పెట్టుకుని గీయండి.

"నా చెయ్యి వణుకుతుంది, నాకు చేతిలో కళ లేదు" అంటారు చాలామంది. మీరు తెలుగు రాస్తారు కదా? "ఱ", "ఖ", "క్ష్మి" రాసే చెయ్యి మీది. సున్నాలు, మెలికలు, కొమ్ములు, గుడులు తప్ప సరళరేఖ అంటూ పెద్దగా లేని లిపి మనది, దాన్ని చిన్నప్పటి నుంచి రాస్తున్న చేతికి వంపులు తిరగడం రాదంటే నేను ఒప్పుకోను. చెయ్యి బాగానే ఉంది. తేడా అంతా కంటి దగ్గర. గ్లాసు మూతి గుండ్రం అని మనకి తెలుసు, అందుకని గుండ్రంగా గీసేస్తాం. గ్లాసు అడుగు చదునుగా ఉంటుందని తెలుసు, అందుకని కింద అడ్డగీత కొట్టేస్తాం. ఎదురుగా ఉన్న గ్లాసు వైపు మాత్రం చూడం. బొమ్మ నేర్చుకోవడం అంటే నాకు అర్థమైనంతవరకు, తెలిసింది గీయడం మానేసి కనబడింది గీయడం అలవాటు చేసుకోవడమే, మిగతావన్నీ దానికి సాయం వచ్చే చిట్కాలు.

సామాను సంగతి తొందరగా చెప్పేస్తాను. పెన్సిళ్లలో హెచ్‌బి ఒకటి, 2బి రెండు, 6బి ఒకటి. పెన్సిల్ లోపలి ములుకుని గ్రాఫైట్, బంకమట్టి కలిపి చేస్తారు, మట్టి పాలు పెరిగేకొద్దీ గట్టిపడి లేత గీత పడుతుంది, అవి హెచ్ రకాలు, గ్రాఫైట్ పెరిగితే మెత్తగా నల్లగా పడుతుంది, అవి బి రకాలు. నటరాజో అప్సరానో కామ్లినో ఏదైనా పర్లేదు. ఏ4 కాగితాల కట్ట ఒకటి కొనండి, జిరాక్స్ షాపుల్లో వాడే 75 జీఎస్ఎం కాగితమే, ఐదొందల కాగితాలు ఉంటాయి కాబట్టి ఒకటి పాడైతే మనసు పీకదు. పరీక్ష అట్ట ఒకటి, రబ్బరు ఒకటి. మెండర్ కంటే బ్లేడుతో చెక్కడం నేర్చుకుంటే ములుకు పొడుగ్గా బయటికొచ్చి పక్కగా పడుకోబెట్టి రాయడానికి వీలవుతుంది, వేలు జాగ్రత్త. క్యాలెండర్ వెనక వైపు, శుభలేఖల వెనక వైపు కూడా వాడచ్చు, కాని బాగా నున్నటి మెరుపు కాగితం మీద పెన్సిల్ జారిపోతుంది. నా ఖరీదైన స్కెచ్‌బుక్కు ఇంకా ఖాళీగానే ఉంది.

మొదటి వారం గీతలే. సంక్రాంతి నెలలో మీ ఇంటి ముందో పక్కింటి ముందో ముగ్గు పెట్టేవాళ్లని ఒకసారి నిలబడి చూడండి. మణికట్టు కదలదు, భుజం నుంచి చెయ్యి మొత్తం కదులుతుంది, గీత ఒక్క లాగులో వచ్చేస్తుంది, మధ్యలో ఆగి "సరిగ్గా వస్తోందా" అని చూసుకోవడం ఉండదు. అదే మనం కాగితం మీద చిన్న చిన్న గీతలు అతికించుకుంటూ వెళ్తాం, చూస్తే గీతకి వెంట్రుకలు మొలిచినట్టు ఉంటుంది. కాగితం మీద రెండు చుక్కలు దూరంగా పెట్టండి, పెన్సిల్ ఆనించకుండా గాల్లోనే రెండు మూడుసార్లు ఆ చుక్క నుంచి ఈ చుక్కకి ఊపండి, తర్వాత ఆనించి ఒక్కసారి లాగండి. చూపు మాత్రం పెన్సిల్ మొన మీద కాకుండా చేరాల్సిన చుక్క మీద ఉండాలి. రోజుకి ఒక కాగితం ఇలా. చుక్కల ముగ్గు పెట్టే అలవాటున్న ఆడవాళ్లు ఈ వారాన్ని సగంలో వదిలేయచ్చు, వాళ్లకి ఇది ఎప్పుడో వచ్చేసింది, ఎవరూ దాన్ని డ్రాయింగ్ అని పిలవలేదంతే.

ఇక గ్లాసు. దీని మీద ఎక్కువ రోజులు ఉండండి.

ఒక స్టీలు గ్లాసు తీసుకుని కంటికి సరిగ్గా ఎదురుగా ఎత్తిపట్టుకోండి. మూతి గుండ్రంగా కనబడదు, అడ్డగీతలాగా కనబడుతుంది. ఇప్పుడు మెల్లగా కిందికి దించండి. ఆ గీత కొంచెం కొంచెంగా తెరుచుకుని సన్నటి కోడిగుడ్డు ఆకారం అవుతుంది, ఇంకా దించితే ఇంకా వెడల్పవుతుంది, కాళ్ల దగ్గర పెట్టి పైనుంచి చూస్తే అప్పుడు నిజంగా గుండ్రం. అంటే మూతి ఆకారం గ్లాసుని బట్టి కాదు, మీ కన్ను ఎంత ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి మారుతోంది. బల్ల మీద పెట్టిన గ్లాసుకి మూతి మీ కంటికి కొంచెమే కింద ఉంటుంది, అడుగు ఇంకా కింద ఉంటుంది, అందుకని అడుగు వంపు మూతి వంపు కంటే ఎక్కువ గుండ్రంగా ఉండాలి. కొత్తవాళ్లందరూ దీన్ని తిరగేసి గీస్తారు, మూతిని బాగా తెరిచేసి అడుగుని గీత కొట్టేస్తారు, నా చెంబు పడిపోతున్నట్టు ఎందుకుందో నాకు ఇది తెలిశాక కాని అర్థం కాలేదు. ఇంకో తప్పు, ఆ గుడ్డు ఆకారం రెండు కొసల్ని నిమ్మకాయలాగా మొన తేల్చడం. ఎంత సన్నగా ఉన్నా కొసలు తిరగాలి, విరగకూడదు.

గ్లాసు వచ్చాక చెంబు. చెంబుకి ముందు నిలువుగా మధ్యగీత ఒకటి లేతగా వేసుకోండి, దానికి అటూ ఇటూ సమాన దూరంలో మూతి అంచు, మెడ, పొట్ట, అడుగు ఎక్కడొస్తాయో చుక్కలు పెట్టుకోండి. ఇది కూడా చుక్కల ముగ్గే ఒకరకంగా. కనబడని వెనక వైపు అంచు కూడా లేతగా గీయండి, చెంబు గాజుదైతే ఎలా కనబడుతుందో అలా, అప్పుడే అడుగు సరిగ్గా కూర్చుంటుంది. తర్వాత రబ్బరు పెట్టుకోవచ్చు. నేను నలభై దాకా చెంబులు గీశాను, ఇరవై ముప్ఫై దాకా అన్నీ చెడ్డవే, మా ఇంట్లో వాళ్లు "ఈయన్ని ఎవరికైనా చూపించాలేమో" అన్నట్టు చూశారు.

కొలతలు తీసుకోవడం మాత్రం మొదటి రోజు నుంచే చేయండి. ఆర్టిస్టులు ఒక కన్ను మూసి పెన్సిల్ ఎత్తి చూడటం సినిమాల్లో చూసి నవ్వుకుంటాం కదా, అది పోజు కాదు, కొలత. చెయ్యి బార్లా చాపాలి, మోచెయ్యి వంగకూడదు, వంగితే ఒక్కోసారి ఒక్కో కొలత వస్తుంది. ఒక కన్ను మూసి పెన్సిల్ కొసని చెంబు మూతి ఒక అంచుకి పెట్టి, బొటనవేలి గోరుని రెండో అంచుకి జరపండి. ఇప్పుడు అదే దూరాన్ని నిలువుగా తిప్పి చూడండి, చెంబు ఎత్తు మూతి వెడల్పుకి ఎన్నింతలు? ఒకటిన్నరా, రెండా? కాగితం మీద మీ చెంబు ఎంత సైజైనా ఉండనీయండి, ఆ ఇంతలు మాత్రం మారకూడదు. కాగితాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని గీస్తే దూరంగా ఉన్న పైభాగం తెలియకుండానే సాగిపోతుంది, అట్టని కొంచెం ఏటవాలుగా నిలబెట్టుకోండి.

కుర్చీ గీయమంటే చాలామందికి చెమటలు పడతాయి, నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకి పోతాయి. దానికో దొంగదారి ఉంది. కుర్చీని వదిలేయండి, కాళ్ల మధ్య కనబడే ఖాళీని గీయండి. రెండు కాళ్లు, పైన సీటు, కింద నేల, వీటి మధ్య ఒక ఖాళీ ఆకారం ఉంటుంది, అది ఏ వస్తువూ కాదు, దానికి పేరు లేదు, పేరు లేదు కాబట్టి "నాకు తెలుసు" అని బుర్ర అడ్డురాదు, ఉన్నది ఉన్నట్టు గీస్తుంది. అన్ని ఇళ్లలో ఉండే ఆ ప్లాస్టిక్ కుర్చీ దీనికి మహా బాగుంటుంది, చేతుల కింద, వీపు చిల్లుల్లో బోలెడు ఖాళీలు. ఖాళీలన్నీ గీసేసరికి మధ్యలో కుర్చీ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. మొదటిసారి ఇది జరిగినప్పుడు నేను మా ఆవిడని లేపి చూపించాను, రాత్రి పదకొండున్నరకి.

నీడల దగ్గరికి వస్తే, గదిలో లైట్లన్నీ తీసేసి సెల్లు టార్చి ఒక పక్క నుంచి పెట్టండి. రెండు మూడు లైట్లుంటే రెండు మూడు నీడలు పడి అయోమయమే. తెల్ల కాగితం మీద ఒక కోడిగుడ్డు పెట్టి కళ్లు సగం మూసి చూడండి, కళ్లు చికిలిస్తే చిన్న చిన్న వివరాలు పోయి వెలుగూ చీకటీ మాత్రమే మిగులుతాయి. వెలుగు సూటిగా తగిలే చోటు తెల్లగా ఉంటుంది, అక్కడి నుంచి మెల్లగా మసకబారుతుంది, తర్వాత ఒక నల్లటి పట్టీ వస్తుంది. అందరూ అన్నిటికంటే నల్లటిది గుడ్డు అంచు అనుకుంటారు, కాదు, ఆ పట్టీ అంచుకి కొంచెం లోపలే ఉంటుంది. అంచు దగ్గర మళ్లీ సన్నగా వెలుగు, కింద ఉన్న కాగితం నుంచి తిరిగొచ్చేది. ఆ చిన్న వెలుగు వదిలేస్తేనే గుడ్డు కాగితం మీంచి లేచినట్టు ఉంటుంది. గుడ్డు కింద నేల మీద పడిన నీడ, గుడ్డు ఆనిన చోట బాగా నల్లగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ పలచబడుతుంది. గుడ్డు చుట్టూ గట్టిగా గీత గీయకండి, ఎదురుగా ఉన్న గుడ్డుకి గీత లేదు. వేలితో రుద్దడం కూడా ఇప్పుడే వద్దు, చూడ్డానికి నున్నగా వచ్చినట్టుంటుంది కాని మసి పూసినట్టై ఏది ఎక్కడ తిరుగుతోందో తెలియకుండా పోతుంది. భయపడి అంతా బూడిద రంగులో వదిలేయడం ఇంకో జబ్బు, నల్లగా ఉండాల్సిన చోట 6బి పెట్టి నిజంగా నల్లగా చేయండి. గుడ్డు తర్వాత ప్రమిద, మట్టి ముంత. స్టీలు, ఇత్తడి మెరుపులు చివరికి ఉంచుకోండి, వాటిలో మీ గది మొత్తం, మీరు కూడా కనబడతారు.

మనుషుల్ని గీయాలని అందరికీ తొందర. నిద్రపోయేవాళ్లతో మొదలుపెట్టండి, మధ్యాహ్నం భోజనం అయ్యాక ఏ ఇంట్లోనైనా ఒకరు దొరుకుతారు. మా నాన్న పడకకుర్చీలో పడుకున్న బొమ్మలే నా దగ్గర ఒక కట్ట ఉంది. మొహంలో ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే సగం తప్పులు పోతాయి: కళ్లు తలకి సరిగ్గా సగంలో ఉంటాయి. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిచి చూసుకోండి. మనం చూసేదంతా కళ్లూ ముక్కూ నోరూ కాబట్టి వాటికే స్థలమంతా ఇచ్చేసి, నుదురు, జుట్టు పైన ఇరికించేస్తాం, అందుకే కొత్తవాళ్ల బొమ్మల్లో అందరికీ తల కోసేసినట్టు ఉంటుంది. రెండు కళ్ల మధ్య సుమారు ఇంకో కన్ను పట్టేంత చోటు, చెవి కనుబొమ్మ దగ్గర మొదలై ముక్కు కింది అంచు దగ్గర ఆగుతుంది, నిలబడ్డ పెద్దవాళ్ల ఎత్తు సుమారు ఏడున్నర తలలు, ఏడాది పిల్లాడికి నాలుగు తలలే. ఇవి చట్టాలు కావు, మీ ముందున్న మనిషి దీనికి ఎక్కడ తేడాగా ఉన్నాడో చూడటానికి ఒక ఆధారం, ఆ తేడానే పోలిక.

కదిలేవాళ్ల కోసం ఆర్టీసీ బస్టాండుని మించింది లేదు. ఒక్కొక్కరికి అర నిమిషం. మొహం జోలికి వెళ్లొద్దు, తల ఎటు వాలింది, వీపు ఎలా వంగింది, బరువు ఏ కాలి మీద ఉంది, అంతే, ఐదారు గీతలు. సంచి పట్టుకున్న భుజం కిందికి లాగేసి ఉంటుంది, చంటిపిల్లని ఎత్తుకున్నావిడ నడుం ఒక పక్కకి తోసి నిలబడుతుంది. ఇక్కడ బాల్ పెన్ను వాడండి, రబ్బరు గోల ఉండదు. ఎవరైనా గమనించి ఇబ్బంది పడితే ఆపేసి చూపించేయండి, "ఇదేనా, నేనింత లావున్నానా" అని నవ్వేవాళ్లే ఎక్కువ, ఒకాయన మాత్రం సర్వే వాళ్లనుకుని ఇంటి నంబరు చెప్పడం మొదలుపెట్టాడు.

మన పెద్ద ఆర్టిస్టులు వేసిన బొమ్మల్ని చూసి వేయడం కూడా చదువే, కాని మొదటి రోజు నుంచే బాపు బొమ్మ వేద్దామని కూర్చుంటే మాత్రం పెద్ద కళ్లూ వాలుజడా తప్ప ఏమీ మిగలదు. బాపు (1933–2014) ఒక్క గీతతో భుజం తిప్పేశాడంటే, ఆ గీత కింద భుజం ఎముక ఎక్కడుందో ఆయనకి తెలుసు, మనకి తెలియదు. వేస్తే ఇలా వేయండి: బొమ్మని తలకిందులుగా తిప్పి పెట్టుకోండి, అప్పుడు కన్ను కన్నులా కనబడదు, ఉత్త గీతల్లా కనబడుతుంది, కాబట్టి నిజంగా చూసి గీస్తారు. గీత ఎక్కడ లావయింది, ఎక్కడ సన్నబడింది, ఎక్కడ అసలు గీయకుండా వదిలేశాడు, అది పట్టుకోండి. ఇంకో సరదా పని, బాపు గీసిన ఆడమనిషినీ, చందమామ ముఖచిత్రాల్లో వడ్డాది పాపయ్య (1921–1992) వేసిన ఆడమనిషినీ, తోట వైకుంఠం వేసే పెద్ద బొట్టు తెలంగాణ ఆడమనిషినీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ముగ్గురూ చూసింది తెలుగు ఆడవాళ్లనే, ఒక్కరికీ ఇంకొకరి బొమ్మతో పోలిక లేదు. అచ్చు బొమ్మలతో ఆగకుండా అసలువి కూడా చూడండి, రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరు మీద ఆర్ట్ గ్యాలరీ ఉంది, ఆయన 1897లో పుట్టి 1925లోనే పోయాడు, ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఫోన్లో బొమ్మలన్నీ ఒకే సైజులో ఉంటాయి, గోడ మీద అలా ఉండవు.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు, ఆదివారం నాలుగు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు మానేయడం కంటే అదే మేలు. ప్రతి కాగితం మీదా తేదీ వేయండి, ఎంత చెడ్డదైనా చింపకండి. మొదటి మూడు నెలలు స్టేటస్‌లో పెట్టకండి, లైకులొచ్చే బొమ్మలే మళ్లీ మళ్లీ వేస్తూ కూర్చుంటారు, నేను హీరో మొహంతో ఇరుక్కుపోయినట్టు. సర్టిఫికెట్ కావాలంటే మన రెండు రాష్ట్రాల్లోనూ డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు ఉన్నాయి, డ్రాయింగ్ టీచరు ఉద్యోగం మీద ఆశ ఉన్నవాళ్లు రాస్తుంటారు. సరదాకి నేర్చుకునేవాళ్లకి దాంతో పనిలేదు.

కొన్నాళ్లకి చెయ్యి బిగుసుకుపోతుంది, బొమ్మలు చిన్నవైపోతాయి, కాగితం మూలలో అగ్గిపెట్టెంత గీసి ఊరుకుంటారు. అప్పుడు బొగ్గు పట్టుకోండి. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు గుడ్డ మీద ముందు బొమ్మని చింతపుల్లల బొగ్గుతోనే గీసుకుంటారు, ఆ తర్వాతే వెదురు కలంతో రంగు గీత. బొగ్గుతో సన్నటి పని కుదరదు కాబట్టి పెద్దగా గీయక తప్పదు, చేత్తో దులిపేస్తే చాలావరకు పోతుంది కాబట్టి భయమూ ఉండదు. షాపులో దొరుకుతుంది, ఇంట్లో కూడా చేసుకోవచ్చు. వేలెడు పొడుగు, పెన్సిలంత లావు ఎండు చింతపుల్లలు బెరడు గీరేసి, మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో ఒత్తుగా నింపండి. మూతకి మేకుతో ఒక చిల్లు పెట్టి, ఆరుబయట మంటలో పెట్టండి. చిల్లులోంచి పొగ వస్తుంది, అది పూర్తిగా ఆగాక పట్టకారుతో డబ్బా బయటికి తీసి, చిల్లు మీద మట్టి ముద్ద పెట్టి వదిలేయండి. డబ్బా పూర్తిగా చల్లారేదాకా, మర్నాటి దాకా అయినా సరే, మూత తీయకండి. నేను ఆత్రం ఆపుకోలేక గంటకే తీశాను, గాలి తగలగానే పుల్లలన్నీ ఎర్రగా రాజుకుని చూస్తుండగానే బూడిదైపోయాయి, మళ్లీ చింతకొమ్మల కోసం పక్కవాళ్ల పెరట్లోకి వెళ్లాల్సొచ్చింది.